చూసేవారు లేరు

ఆదివారం

నిన్న పొద్దున నేను లేచేసరికి సొరంగంలో లైట్లు ఇంకా మసక పసుపులోనే ఉన్నాయి. గాలి వచ్చే రంధ్రానికి రాత్రి కట్టిన తడిగుడ్డ విప్పాను. ఎర్రదుమ్ము పట్టి అట్టలా గట్టిపడింది. పైన గాలి లేచిందన్నమాట. వేసవి మూత పడి గేట్లు మూసేశాక వారంలో సగం రోజులు ఇలాగే ఉంటుంది. గుడ్డ జాడించిన నీళ్ళు పారబోయలేదు. తేరుకోవడానికి కుండలో పోసి పెట్టాను. కొర్రగంజి పొయ్యి మీద పెట్టి, మోకాళ్ళూని నా ప్రార్థన చేసుకున్నాను. లేచేసరికి గంజి పొంగింది.

మా తమ్ముడు ప్రభుదాసు పంపుహౌసుకు పోవాలి కాబట్టి ముందు వాడికి పోశాను. మా చెల్లెలి కూతురు లిడియా, బొమ్మలు చూపే తెరగోడ ముందు నిలబడి, అందులో కనిపించే వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. రోజూ మాట్లాడుతుంది. ముందు రోజు ఏం తిన్నది, ఎవరింట్లో గోడ పాడైతే బాగు చేసింది, అవీ. మా చెల్లెలు రాహేలు వినదు. చలిగదిలో నిద్రలో ఉంది. సొరంగం తవ్వేటప్పుడు రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. మందు దొరికేదాకా నిద్రపుచ్చారు. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. మందు తెలిసిన ఊరు జవాబివ్వడం మానేసి రెండేళ్ళయింది.

శనివారం మేం గోడ తుడుస్తాం. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి మూసుకుపోవచ్చని చలిగదులకు ముందే చెప్తే, ఒక గంట రాహేలు కనిపించే ట్యాబును వాళ్ళే పట్టుకుంటారు. నేను తుడిచాను. తిరిగి తెచ్చుకున్నాను. ఎప్పటిలా దుప్పటి, దాని మీద చెయ్యి. నిమిషానికొకసారి దుప్పటి కొంచెం లేస్తుంది.

అప్పుడు మా మరిది, రాహేలు భర్త ఆశీర్వాదం గంజిగిన్నె కింద పెట్టి అన్నాడు.

"ఈపొద్దు సాయంత్రం నేను గూడా కండ్లు మూసుకుంటా వదినా."

వారానికి ఒకసారి, శనివారం సాయంత్రం, నలుగురం ఉన్నప్పుడే కుటుంబ ప్రార్థన పెట్టుకుంటాం. రాహేలు నిద్రపోయిన నాటి నుంచి ఆశీర్వాదం మాతో కూర్చుంటాడు గానీ కళ్ళు మూయడు. గోడ వంక చూస్తూ ఉంటాడు. నమ్మకం పోయిందనుకున్నాను. అతని కోసం దేవుణ్ణి అడగని రోజు లేదు.

"మంచిది" అన్నాను.

"ఏం బావా, ఇంత కాలానికి దేవుని అడ్రసు దొరికిందా?" అన్నాడు ప్రభుదాసు చెప్పులు వేసుకుంటూ.

"నీ ప్రార్థన అయ్యేలోపల ఎవురికైనా నిద్రొస్తాది లేబ్బా. కండ్లు తెరిచి కూసునే ఓపిక పొయ్యింది నాకు."

అందరం నవ్వాం. లిడియా కూడా.

సాయంత్రం ప్రార్థన ప్రభుదాసు చేశాడు. వాడు మొదలుపెడితే సంగటి చల్లారుతుంది. సొరంగంలో పంపులన్నిటినీ పేరుపేరునా తలుచుకున్నాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచాం. గోడ మీద రాహేలు లేదు. మిగతా ట్యాబులు జరిగి ఆ జాగా నింపుకున్నాయి.

చలిగదులకు ఫోన్ చేశాను.

"మీరే మూశారా అమ్మా?" అంది అక్కడి అమ్మాయి.

"లేదమ్మా."

"అందరూ అట్లే అంటారమ్మా." గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

గంటలోపే తెరిచారు, ఇంట్లో ఏం జరుగుతోందో రాసి పెట్టమన్నారు. కానీ లెక్కలో పడింది. ఒక వేసవి మూతలో మూడుసార్లు మూసుకుంటే కుటుంబం వదులుకున్నట్టే. ఆ మంచం ఇంకొకరికి ఇస్తారు. మంచాలు తక్కువ, దగ్గేవాళ్ళు ఎక్కువ. ఆ నిబంధనను నేను తప్పుపట్టను.


సోమవారం

లిడియా పని మొదలుపెట్టింది. గోడలు బాగుచేయడం దాని వృత్తి. ఇరవై రెండేళ్ళు. మా నాలుగో సొరంగంలో దాని చెయ్యి పడని గోడ లేదు.

నిన్న చలిగదులకు చెప్పి, గోడను పూర్తిగా ఆర్పి మళ్ళీ వెలిగించింది. పేరుకున్న చెత్తంతా తుడిచేసింది. ప్రభుదాసు తగిలించుకున్న చిన్న చిన్న అదనాలన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. పాటల మాటలు చూపించేది ఒకటి, నీళ్ళ వంతు రాగానే కోడిలా కూసేది ఒకటి.

"ఆ కోడి ఏం చేసింది పాపా? కోడిని చూసి ఎన్నాళ్ళయిందో. దాన్నన్నా ఉండనీ."

"కోడి తర్వాత చూస్తాం మామా. ముందు అమ్మ."

వాడు చెప్పులు వేసుకుని పంపుహౌసుకు పోయాడు.

గోడ పాతది. కొత్త గోడలు చేసేవాళ్ళు లేరు. మెమరీ ముక్కలు ఒకప్పుడు పై ఊళ్ళ నుంచి వచ్చేవి. ఇప్పుడు చెడిపోయిన గోడల్లోంచి ఊడదీసినవే దిక్కు. సాయంత్రం సొరంగమంతా గోడల ముందే ఉంటుంది కాబట్టి ఆ బరువుకు మూసుకుందని ప్రభుదాసు అంటాడు. అయ్యుండవచ్చని లిడియా అంది. ఆ మాట దానికి నచ్చలేదని ముఖంలో తెలిసింది.

ఆశీర్వాదం గేటు కాపలా నుంచి వచ్చి, తిని, గోడకు ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.


బుధవారం

మెమరీ చాలకపోతే అవసరం లేనివి మూయాలి. అది లిడియా చెప్పక ముందే నాకు తెలుసు. ఎవరివి మూయాలన్నదే మిగిలింది.

నీళ్ళ వంతు చూపే ట్యాబ్ ఉండాలి. గాలి కొలత ఉండాలి. ప్రభుదాసు తన పాటల ట్యాబ్ తానే మూశాడు. మూసే ముందు ఒక పాట పూర్తిగా విన్నాడు. చర్చి ట్యాబ్ మూశాం. ఇకమీదట ఆదివారం నడిచే వెళ్తాం. మోకాళ్ళు నొప్పులు, అయినా వెళ్తాం.

నాది ఒక్కటే. ఆకాశం. పైన సొరంగం మూతి దగ్గర కాలిపోకుండా మిగిలిన కెమెరా ఒకటుంది. పొద్దున కాసేపు ఆకాశం నారింజ రంగులో ఉండి, తర్వాత తెల్లగా మండిపోతుంది. ఆ కాసేపు చూస్తూ నేను రోజు మొదలుపెడతాను.

"అది ఉండనీ పెద్దమ్మా. అదంత బరువు లేదు."

"ఎంతో కొంత ఉంటుంది కదా" అన్నాను.

మూసేసింది. గోడ మీద రాహేలు పెద్దగా అయింది. చేతి మీద నరాలు కనిపించాయి. గోళ్ళు ఎవరో కత్తిరిస్తున్నారు, శుభ్రంగా ఉన్నాయి. అది చూసి స్తోత్రం చెప్పుకున్నాను.

గంజి పోస్తుంటే లిడియా చెప్పింది. ఉత్తరం సొరంగం వాళ్ళు దానికి పని ఇస్తామన్నారట. పెద్ద గోడలు, చేతికింద మనుషులు. వేసవి మూత అయిపోగానే రమ్మన్నారు.

"ఎప్పుడు వచ్చింది కబురు?"

"నెలయింది. పోలేనని చెప్పేసినా."

"ఎందుకు?"

అది గోడ వైపు చూసింది. అదే జవాబు.

ఆశీర్వాదం గిన్నె ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టడం గమనించాను.


ఆదివారం

నిన్న సాయంత్రం రెండోసారి మూసుకుంది.

మూడు ట్యాబులే ఉన్నాయి. అదనాలేవీ లేవు. గోడ చల్లగా ఉంది. పక్కింటివాళ్ళను కూడా ఆ గంట తమ గోడ ఆర్పుకోమని అడిగాం, ఆర్పారు. మేం నలుగురం గోడకు ఎదురుగానే చాప మీద కూర్చున్నాం. ప్రభుదాసు తలుచుకోవాల్సినవాళ్ళందరినీ తలుచుకున్నాడు. రాహేలు పేరు రెండుసార్లు పలికాడు. మేం కళ్ళు మూసుకునే ఉన్నాం.

ఆమెన్ తర్వాత గోడ మీద నీళ్ళ వంతూ, గాలి కొలతా మాత్రమే ఉన్నాయి.

అదే అమ్మాయి ఫోన్ ఎత్తింది. ఈసారి మీరే మూశారా అని అడగలేదు. "ఇంకొక్కటే ఉందమ్మా" అంది.

ప్రభుదాసు గోడను గుద్దాడు. యాభై ఏళ్ళవాడు, పిల్లాడిలా గుద్దాడు. "నేను దాని పేరు ఎత్తినప్పుడే పోవాల్నా అక్కా?"

"కూర్చో" అన్నాను. చేతికి తడిగుడ్డ చుట్టాను.

నా మనసులో ఒక మాట వచ్చింది. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇది ఆయన చిత్తమేమో, మేం వద్దంటున్నామేమో అని. ఆ మాటతో రాత్రి పడుకున్నాను. పొద్దున ఆకాశం లేదు చూడటానికి.


మంగళవారం

లిడియా గోడ లోపలి వరస చదివింది. ఏ ట్యాబ్ ఎందుకు మూసిందో గోడ తనకు తాను రాసుకుంటుందట. సామాన్యంగా ఎవరూ అంత లోపలికి వెళ్ళరు.

"బరువెక్కువని కాదు పెద్దమ్మా. రెండుసార్లూ ఒకే కారణం." వేలు పెట్టి చూపించింది.

చూసేవారు లేరు.

ఆ రెండుసార్లూ నలుగురం ఎదురుగానే కూర్చుని ఉన్నాం. నేను అది రెండుసార్లు చదివాను.

"దానికి కండ్లు పొయినట్టుండాయి" అన్నాడు ప్రభుదాసు.

"దాని కన్ను బాగానే ఉండాది మామా. ఇప్పుడు నిన్ను చూస్తాంది." గోడ పైఅంచున శనగగింజంత నల్లటి బొట్టు ఉంటుంది. అదే గోడ కన్ను. లిడియా అటూ ఇటూ నడిచింది. బొట్టులో చిన్న వెలుగు దాని వెంటే తిరిగింది.

లిడియా చాలాసేపు చాప వంక చూస్తూ నిలబడింది. మేం కూర్చునే చోట్ల వంక. తర్వాత వాళ్ళ నాయన ఎప్పుడూ కూర్చునే చోటు వంక.

"శనివారం గోడ తుడిచేటప్పుడు చెప్తా" అంది. "అంతవరకు ఇంట్లో ఎవురూ కూసోని కునుకు తియ్యాకండి."


శనివారం, పొద్దున

గోడ తుడుస్తామని చెప్పి రాహేలు ట్యాబును చలిగదులకు అప్పగించాం. గంట టైముంది. లిడియా గోడ మీద ఒక్క ట్యాబ్ తెరిచింది. నా ఆకాశం. నారింజ రంగు అప్పటికే తెల్లబడుతోంది. అయినా చూశాను.

"ప్రార్థనప్పుడు ఎట్ల కూసుంటామో అట్ల కూసోండి. నలుగురమూ కండ్లు మూసుకోవాల. మామా, నువ్వు ప్రార్థన చెయ్యి."

"దేనికి చెయ్యాల?"

"పంపులకు."

వాడు చేశాడు. ఎప్పటికంటే తక్కువే చేశాడు. కళ్ళు తెరిచేసరికి ఆకాశం లేదు.

లిడియా మళ్ళీ తెరిచింది. "ఈసారి నాయన కండ్లు తెరిచి కూసోవాల. ముందటిమాదిరి."

ప్రభుదాసు మళ్ళీ పంపులన్నీ తలుచుకున్నాడు, ఈసారి ఒక్కటీ వదలకుండా. కళ్ళు తెరిచాం. ఆకాశం ఉంది. ఎదురుగా ఆశీర్వాదం దాన్నే చూస్తున్నాడు, కళ్ళలో నీళ్ళతో.

లిడియా వివరించింది. ఇల్లు ఖాళీగా ఉంటే గోడ తాళం వేసుకుంటుంది. రాత్రి లైట్లు ఆరితే కూడా అంతే. అప్పుడు దేన్నీ ముట్టుకోదు. కానీ లైట్లు వెలుగుతూ, ఎదురుగా మనుషులుండి, ఒక్క కన్ను కూడా తెరిచి లేకపోతే, వాళ్ళు గోడ ముందే నిద్రపోయారని అనుకుంటుంది. కాసేపు ఆగి, మెమరీ మిగుల్చుకోవడానికి అన్నిటికంటే బరువైన ట్యాబ్ మూసేస్తుంది. తయారుచేసినప్పుడే అలా పెట్టారు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో శనివారం పూట ఒక జత కళ్ళు తెరిచే ఉన్నాయి. కాబట్టి మాకు తెలియలేదు.

ప్రభుదాసు నోరు తెరిచి మూశాడు. "అంటే ప్రార్థన..."

"ప్రార్థన కాదు మామా. సెట్టింగు" అంది లిడియా. "దాన్ని మార్చను రాదు. మనం చెయ్యాల్సింది ఒకటే. ఒకరు కండ్లు తెరిచి ఉంటే సాలు. నాయన మళ్ళ ముందటిమాదిరే కూసుంటే..."

"కూసోను" అన్నాడు ఆశీర్వాదం.

గోడ మీద ఆకాశం పూర్తిగా తెల్లబడింది.

"వదినా, ఇన్నేండ్లు నేను దేవుని మీద అలిగి కండ్లు తెరిచి కూసోలేదు. మీరు ముగ్గురూ మూసుకున్నప్పుడు ఎవురో ఒకరు దాన్ని చూడాల గదా. ఒక ఊపిరికీ ఇంగో ఊపిరికీ నడుమ శానా టైముంటాది. ఆ నడుమ దాన్ని ఒంటిగా ఇడిసిపెట్టబుద్ధి కాలే."

నేను తల ఊపాను.

"మళ్ళ ఇప్పుడేంటికి మూసుకుంటివి?" లిడియా అడిగింది.

అతను కూతుర్ని చూడలేదు. నన్ను చూస్తూ చెప్పాడు.

"పాపకు ఉత్తరం నుంచి కబురొచ్చింది, పోనని చెప్పింది. నాకు చెప్పలే. గేటు కాడ ఇంగొకరు చెప్తే తెలిసింది. ఆ రాత్రి దాన్ని చూసినా. నా మాదిరే కూసోనుంది, గోడ ముందర. ఆ గెడ్డం కింద చెయ్యి గూడా నా మాదిరే. చలిగదులకు పొయ్యి వదులుకుంటామని సంతకం చేద్దామని రెండుసార్లు బయలుదేరినా. వాళ్ళ వాకిలి దాటలేకపొయినా. సంతకం నా చేతగాదు వదినా. అందుకని ఆయన్నడుగుదామనుకున్యా."

"ఏమడిగినావు?" లిడియా గొంతు మారలేదు.

"ఇంగ సాలు, తీస్కపో అని."

ప్రభుదాసు లేచి నిలబడ్డాడు. నేను చెయ్యి ఎత్తితే మళ్ళీ కూర్చున్నాడు.

"అడిగిన కాసేపటికే పొయ్యింది. రెండో వారమూ అట్లనే. మీరు కోళ్ళూ పాటలూ తీసేస్తా ఉంటే నేను గమ్మున కూసున్యా. ఆయన ఇనినాడనుకున్యా."

"ఆయన కాదు నాయనా" అంది లిడియా. "చెప్పినా గదా. సెట్టింగు."

అప్పటికి గంట అయిపోయింది. రాహేలును గోడ మీదికి తెచ్చుకోవాలి. ఎవరూ కదలకపోతే నేనే లేచి తెచ్చాను.


శనివారం, సాయంత్రం

ప్రభుదాసు పంపుహౌసుకు వెళ్ళి తొందరగా వచ్చేశాడు. నేను మడుల దగ్గర పుట్టగొడుగులు కోశాను. చీకట్లో వాటిని ఎవరూ చూడనక్కర్లేదు. అవే పెరుగుతాయి. అక్కడే ప్రార్థన చేసుకున్నాను. జవాబు రాలేదు. రాని రోజులు నాకు కొత్త కాదు.

దీపాల వేళకు నలుగురం చాప మీద కూర్చున్నాం. సంగటి వండాను గానీ ఎవరూ ముట్టలేదు.

"ముందు మాట్లాడుకుందాం" అన్నాను.

ప్రభుదాసు ఇది తేలికైన పనే అన్నట్టు చెప్పాడు. "దీంట్లో మాట్లాడేదానికి ఏముంది అక్కా? ఒకరు కండ్లు తెరిచి ఉండాల, అంతే గదా. వంతులేసుకుందాం. ఒక వారం నేను, ఒక వారం పాప."

"పాప వద్దు" అన్నాడు ఆశీర్వాదం.

"నాకు అమ్మ ఎట్ల తెలుసు నాయనా?" లిడియా అంది. "పదమూడేండ్ల నాటి నుంచి ఆ గోడ మీదే తెలుసు. గంజి తాగేటప్పుడు, జడేసుకునేటప్పుడు, నేను ఎవురితో మాట్లాడినా ఆ దుప్పటితోనే. నాకు ఇంగా మాట్లాడేది అయిపోలే. నీకు సాలనిపిస్తే నాకు గూడా సాలనిపించాల్నా?"

"నీకు అయిపోదు పాపా. నాకు తొమ్మిదేండ్లయినా అయిపోలే. అది అయిపొయ్యేది కాదు."

లిడియా ముఖం పక్కకు తిప్పుకుంది. తండ్రి చెయ్యి చాప మీద దాని వైపు జరిగింది, తాకలేదు.

ఇంట్లో పెద్దదాన్ని. ఎవరూ అడగకపోయినా అందరూ నా వైపే చూశారు. గోడ మీద దుప్పటి లేచింది. దిగింది. మళ్ళీ లేచేదాకా ఆగి చెప్పాను.

"ఆశీర్వాదం, నువ్వు కళ్ళు మూసుకో. నీ మనసులో ఏముంటే అది అడుగు. అది తప్పని ఈ ఇంట్లో ఎవరూ అనరు."

"అక్కా..." అన్నాడు ప్రభుదాసు.

"నువ్వు నీ ప్రార్థన నువ్వు చెయ్యి. నీకు పొడుగు ప్రార్థన ఇష్టం కదా, పొడుగ్గానే చెయ్యి. కళ్ళు నేను తెరిచి ఉంచుతాను."

"నీకు కండ్లు తెరిచి ప్రార్థన రాదు గదా పెద్దమ్మా" అంది లిడియా. చిన్నప్పుడు దాని కనురెప్పలు వేళ్ళతో మూసి ప్రార్థన నేర్పింది నేనే.

"నేర్చుకుంటాను."

"నీ తర్వాత?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. ఆశీర్వాదం కూడా తలెత్తి చూశాడు. నాకు యాభై ఆరు. ఎడమ కంటికి ఇప్పటికే పొర వస్తోంది. వేసవి దుమ్ముకు రెండూ మండుతాయి.

మా ఇంట్లో నిర్ణయమైంది ఇది. చలిగదుల వారికి తెలియడానికి రాస్తున్నాను.

రాహేలును మేం వదులుకోలేదు. శనివారం ప్రార్థన ఆగదు. నేను చూస్తూ ఉంటాను. మా మరిది కళ్ళు మూసుకుని ఆమెను తీసుకుపొమ్మని అడుగుతాడు. ఒకే చాప మీద కూర్చుని రెండూ చేస్తాం. వేసవి మూత ఎత్తగానే లిడియా ఉత్తరం సొరంగానికి వెళ్తుంది. కబురు మళ్ళీ పంపింది, నా ఎదుటే పంపింది. వెళ్ళేలోగా నా ఆకాశం ట్యాబు, ప్రభుదాసు కోడి తిరిగి పెట్టి వెళ్తానంది.

నా కళ్ళు పనిచేయని రోజు ఆ వంతు లిడియాకు గానీ, ఇంకెవరికి గానీ ఇవ్వకూడదు. ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం అందరం కళ్ళు మూసుకుంటాం. లిడియా దీనికి ఒప్పుకున్నానని అనలేదు. లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది, వాళ్ళ నాయనకు ఎదురుగా కాకుండా. ప్రభుదాసు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు.